బొమ్మలో ఎద్దు లేదు!

గుండెమీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి గారి పేరిట శ్రీకాకుళంలో స్టేడియం ఉంది కదా! తెల్లారగట్ల అక్కడ మిలట్రీ సెలక్షన్ల కోసం కుర్రాళ్ళు పరుగులు తీస్తుంటారు. మొన్న అక్కడో తగువు విన్నాను. ఒకడి చేతిలో ఎనర్జీ డ్రింకు డబ్బా. పక్కవాడు ముక్కు మూసుకున్నాడు. "ఛీ, అది ఆంబోతు వీర్యంరా! నానైతే ముట్టను."

"అందుకే గదేటి తాగుతున్నాను! ఆ బలం ఊరికే వస్తాదేటి?"

ఇద్దరూ ఒకే టైటిల్ చూసి మోసపోయారండీ! ఆ పదార్థం పేరు టారిన్. 1827లో టీడెమన్, గ్మెలిన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు దీన్ని ఎద్దు పిత్తరసంలో కనిపెట్టారు. వీర్యంలో కాదు మహాప్రభో! లాటిన్లో ఎద్దుని 'టారస్' అంటారు (మన వృషభరాశికి ఇంగ్లీషు పేరూ అదే). ఆ పేరే అంటుకుంది. ఇవాళ డబ్బాల్లో కలిపేది ఫ్యాక్టరీలో తయారైన తెల్లపొడి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళూ బెంగపడనక్కర్లేదు. పైగా 1987లో ఆస్ట్రియాలో, ఒక థాయిలాండ్ పానీయం ఆధారంగా, 'రెడ్ బుల్' రిలీజైంది. డబ్బామీద కుమ్ముకునే ఎద్దుల బొమ్మ! ఇక పుకారుకి వేరే పబ్లిసిటీ ఎందుకు?

నిజానికి టారిన్ మన ఒంట్లోనే తయారవుతుంది. తల్లిపాలలో ఉంటుంది. భావనపాడు చేపలో, చింతపల్లి రొయ్యలో బోలెడు. ఎద్దుకంటే మన సముద్రమే దీనికి దగ్గర చుట్టం.

మరి తాగగానే వచ్చే ఆ హుషారు? అది చాలావరకు కెఫీన్ చలవ. మన ఆహార ప్రమాణాల సంస్థ ఈ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చంది. అంటే పావు లీటరు డబ్బాలో 75 దాకా, ఓ స్ట్రాంగ్ కాఫీకి సరిపడా. మామూలు రకమైతే చక్కెర సుమారు 27 గ్రాములు, ఐదారు చెంచాలు! ఎద్దు బలమనుకుని ఒకటికి మూడు పట్టించినవాడికి గుండె దడదడలాడుతుంది, నిద్ర పారిపోతుంది. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కెఫీన్ పడనివాళ్ళు తాగొద్దని డబ్బామీదే రాయాలని రూలుంది. రాస్తారు కూడా, చీమ తలకాయంత అక్షరాల్లో.

నన్నడిగితే ఆ ఇద్దరిలో ముక్కు మూసుకున్నవాడే నయం. చెప్పిన కారణం శుద్ధ తప్పే అనుకోండి!