లెక్క వ్రాయు చేయి, లెక్క చూచు కన్ను

మాదన్నపేట కూరగాయల మండీకి తెల్లవారుజామున సరకు తెచ్చు రైతును గమనింపుడు. కాటాముల్లును తన కంటితో చూచుకొనక అతడు కదలడు. చీటీ చేతబడిన పిమ్మట రొక్కమును దానితో సరిచూచుకొనిగాని మూట కట్టడు. ఇందు దళారిపై ద్వేషము లేదు. అది బేరపు మర్యాద. ఆ రైతే తన సహకార సంఘపు సభకు వచ్చినప్పుడు, కార్యదర్శి చదివిన లెక్కకు చేయియెత్తి, ఫలాహారము స్వీకరించి యింటికి పోవుచున్నాడు. మండీలో నున్న జాగ్రత్త సంఘములో నేల లేదు?

మా తప్పును ముందు చెప్పుకొందుము. పూర్వమొక సంఘములో విత్తనపు వేరుశనగ నిలువపై మేము సంతకము చేయవలసి వచ్చినది. గిడ్డంగి తాళము గుమాస్తా యొద్ద నుండెను. సరకు పుస్తకమును వ్రాయువాడును అతడే. అక్షరములు ముత్యములవలె నుండుటచే బస్తాలను లెక్కింపకయే సంతకము చేసితిమి. అదను వచ్చి తలుపు తెరవగా 14 బస్తాలు తక్కువయ్యెను. వరుసలో చివర నిలిచిన చిన్న రైతులు రిక్తహస్తములతో మరలిరి. తప్పు ఎవరిదో తేలలేదు గాని, మా సంతకము మాత్రము కాగితముపై నిలిచిపోయినది.

ఇది పల్లెటూరి సంఘములకే గల లోపమని తలంపరాదు. మన హైదరాబాదులో 1987లో వెలసిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంగతిని స్మరింపుడు. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షులు బి. రామలింగరాజు డైరెక్టర్లకు లేఖ వ్రాసి, లెక్కలు కల్లలని యొప్పుకొనిరి. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో రొక్కము, బ్యాంకు నిలువలు 5,361 కోట్ల రూపాయలని చూపగా, అందు 5,040 కోట్లు లేనేలేవు. లేని వడ్డీ 376 కోట్లు చూపిరి. ఇయ్యవలసిన 1,230 కోట్లను మరుగుపరచిరి. ఆరంభమున స్వల్పమైన అంతరము ఏటేట పెరిగి యింతయైనదని ఆ లేఖయే చెప్పుచున్నది. వాటా వెల ఆ యొక్క దినముననే నూటికి 77 వంతులకు పైగా పడిపోయెను.

ఆ కంపెనీకి కాపలాదారులు లేకపోలేదు. స్వతంత్ర డైరెక్టర్లుండిరి, ఆడిట్ కమిటీ యుండెను, ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లుండిరి. న్యూయార్కు విపణిలోను వాటాపత్రములు చెల్లుటచే 2002 నాటి అమెరికా చట్టమును దానికి వర్తించెను. సత్పరిపాలనకు 2008లో బహుమానమును లభించెను. మరి గండి యెచట పడినది?

బ్యాంకులో నిజముగా నెంత సొమ్మున్నదో ఆడిటరు బ్యాంకునే స్వయముగా నడిగి, ప్రత్యుత్తరమును నేరుగా పొందవలెను. ఇచట ఆ విచారణ పత్రములను కంపెనీ చేతికే యిచ్చి, జవాబులను కంపెనీ ద్వారానే పుచ్చుకొనిరని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజి కమిషను 2011లో పేర్కొనెను. తాళము గలవానినే బస్తాల లెక్క యడిగిన మాకును వారికిని భేదమేమి? పరీక్షింపబడువాని చేతిమీదుగా వచ్చిన సాక్ష్యము సాక్ష్యము కాదు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము 10 మందికి శిక్ష విధించెను; అప్పీలుపై మరుసటి నెలలో ఆ శిక్షలు నిలుపబడెను. 2013 నాటి కంపెనీల చట్టము, లోపలి ఆర్థిక కట్టుబాట్లు సరిగా నడచుచున్నవని లిస్టెడ్ కంపెనీల డైరెక్టర్లు వ్రాసి యీయవలెననియు, వానిపై ఆడిటరు తన యభిప్రాయము తెలుపవలెననియు విధించినది. మంచిదే. కాని చట్టము సంతకమును కోరగలదు. గిడ్డంగి తలుపు తెరచి చూచుట మనుష్యుని పని.

మా కార్యదర్శి సజ్జనుడు, అతనిని శంకించుట అవమానము కాదాయని కొందరందురు. మా యుద్దేశమున తనిఖీ సజ్జనునకే రక్ష. లెక్క యెన్నడును చూడబడనిచోట, తగ్గుదల కనబడిన నాడు నిర్దోషియు నింద మోయవలసినదే.

కావున మన సంఘములకు మేము మనవి చేయున దిది. రొక్కముంచువాడు చిట్టా ఆవర్జాలు వ్రాయరాదు. గుమాస్తా యొక్కడేయున్న చిన్న సంఘములో పాలకవర్గ సభ్యుడొకడు ప్రతివారము రొక్కమును లెక్కించి చిట్టాలో సంతకము చేయవలెను. బ్యాంకు లెక్కను గుమాస్తా తేరాదు. సభ్యుడొకడు బ్యాంకుకు పోయి తానే తీసికొనవలెను. ఎరువుల బస్తాలను ముందు తెలుపక లెక్కింపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రతి రైతు తన పాసుపుస్తకమును సంఘపు ఆవర్జాతో ఏటికి రెండుమారులైనను సరిచూచుకొనవలెను. కట్టిన వాయిదా జమపడకున్న, మరుసటి పంట ఋణమునకు పోయిననాడుగాని ఆ సంగతి తెలియదు. అప్పటికి రశీదు చెదలపాలై యుండును.

రాబోవు సర్వసభ్య సమావేశమున చేయి యెత్తుటకు ముందు, “ఈ నిలువను ఎవరు లెక్కించిరి? వారికి చూపినదెవరు?” అని యడుగుడు. మండీలో కాటాముల్లును చూచు కన్నే సంఘములోను పనిచేయవలెనని మా ప్రార్థన.