నాలుగు తరాలు పనిచేసినా కాంట్రాక్టు కూలీలేనా?



చాగోస్ దీవుల గురించి ఈ సంచికలో రాస్తానంటే మన కమిటీలోనే ఒక పెద్దాయన నవ్వాడు. "సెక్రటరీ గారూ, బోనస్ సంగతి తేలలేదు, మీరు హిందూ మహాసముద్రంలోకి పోతున్నారు" అన్నాడు. బోనస్ సంగతి రెండో పేజీలో ఉంది. ఇది కూడా చదవండి. ఆ దీవుల జనం మీద ప్రయోగించిన మాట, మిల్లు గేటు దగ్గర మన మీద ప్రయోగించే మాట ఒక్కటే. కాంట్రాక్టు కూలీ!

ముందు మన ఊరి నుంచే మొదలుపెడతాను. ఇంగ్లీషువాడికీ ఫ్రెంచివాడికీ ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాంలో జెండా మారింది. ఇక్కడి నేతగాడిని గానీ పడవవాడిని గానీ ఎవరూ అడగలేదు. చివరికి 1814లో పారిస్‌లో కూర్చుని సంధి రాసుకున్నారు. అదే సంధితో యానాం ఫ్రెంచివాడికి తిరిగి దక్కింది, మారిషస్ ఇంగ్లీషువాడికి ఖాయమైంది. మారిషస్ కింద ఉన్న చాగోస్ దీవులు కూడా ఇంగ్లీషువాడివే అయ్యాయి.

తరువాత బానిసత్వం రద్దయింది. తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నుంచి మన దేశపు పేదలను మారిషస్ చెరకు తోటలకు తోలారు. మన పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్లు ఎందరంటే, అక్కడ తెలుగువాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడిపోయింది. అంతకుముందే, 1820ల చివర్లో, ఇదే యానాం నుంచి ఫ్రెంచివాడి రెయూనియన్ దీవికి కూలీలను ఎక్కించారు. ఇవాళ మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉందంటే అది ఆ కూలీల బిడ్డలు సంపాదించుకున్నది. ఇది పరాయివాళ్ల గొడవ ఎలా అవుతుంది?

చాగోస్‌లో చెరకు లేదు, కొబ్బరి. ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి పట్టుకొచ్చిన బానిసల సంతానం, మన దేశం నుంచి పోయిన కొందరు కూలీలు కలిసి ఒక జనమయ్యారు. కొబ్బరి ఒలిచారు, ఎండబెట్టారు, గాడిదలను కట్టి గానుగ తిప్పి నూనె తీశారు. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టారు, పెద్దలు అక్కడే మట్టిలో కలిశారు.

మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వక తప్పని రోజు వచ్చింది. 1965 సెప్టెంబరులో లండన్‌లో ప్రధాని విల్సన్ మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్‌తో బేరం పెట్టాడు. ఇంటి తాళం ఇస్తాను గానీ ఒక గది నాకు ఉంచు అన్నట్టు! ఆ గదే చాగోస్. 30 లక్షల పౌన్లు చేతిలో పెట్టి 1965 నవంబరు 8న దీవులను విడదీశారు. ఇది తగదని ఐక్యరాజ్య సమితి డిసెంబరులోనే తీర్మానించింది. విన్నదెవరు? 1966 డిసెంబరు 30న డీగో గార్షియా దీవిని 50 ఏళ్లకు అమెరికా సైన్యానికి అప్పగించారు. ప్రతిఫలంగా పొలారిస్ క్షిపణుల ధరలో కోటి 40 లక్షల డాలర్ల తగ్గింపు. జనంతో ఉన్న దీవిని క్షిపణుల బిల్లులో జమ కట్టుకున్నారన్నమాట.

అయితే ఒక చిక్కు వచ్చింది. వలసలో శాశ్వతంగా నివసించే ప్రజలుంటే ఐక్యరాజ్య సమితికి జవాబు చెప్పాలి. కాబట్టి ప్రజలు లేరని రాశారు! ఉన్నవాళ్లంతా వచ్చిపోయే కాంట్రాక్టు కూలీలేనని ప్రపంచానికి చెప్పాలని అధికారులు నిర్ణయించుకున్నారు. సముద్రపు పిట్టలు తప్ప స్థానికులు ఉండబోరని ఒక పెద్ద అధికారి రాసిన కాగితం తరువాత బయటపడింది.

ఆ సంగతి చదివినప్పుడు నాకు నా హాజరు రిజిస్టరు గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్లకు ఒక మిల్లులో రింగు ఫ్రేముల దగ్గర డాఫింగు పనికి చేరాను. ఆరేళ్లు చేశాను. రిజిస్టరులో మాత్రం నేను ఒక్కణ్ణి కాదు, ఏడెనిమిది మందిని! 240 రోజులు నిండబోతున్నాయనగా పేరు కొట్టేసి, ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక పెట్టి కొత్తవాడిగా రాసేవారు. తనిఖీకి అధికారి వస్తే, "ఇతను మొన్ననే వచ్చాడండీ" అనేవారు. మా కాంట్రాక్టరుకు ఇంత తెలివి ఎక్కడిదా అనుకునేవాణ్ణి.

1968 నుంచి 1973 దాకా దాదాపు పదిహేను వందల నుంచి రెండు వేల మందిని దీవుల నుంచి ఖాళీ చేయించారు. సరుకుల ఓడలు తగ్గించేశారు. వైద్యానికి మారిషస్ వచ్చినవాళ్లను తిరిగి ఎక్కనివ్వలేదు. 1971లో డీగో గార్షియాలో వాళ్లు పెంచుకున్న కుక్కలను పొగపెట్టి చంపారు. 1973లో చివరి ఓడ పోర్ట్ లూయీ చేరితే, అందులోని జనం మేం దిగం, మాకు ఇల్లేదీ అని రోజుల తరబడి ఓడలోనే కూర్చున్నారు. సమ్మె చేసినవాళ్లకు ఆ కూర్చోవడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి పోర్ట్ లూయీ వీధుల్లో నిరాహార దీక్షలు చేసింది, లాఠీలు, జైళ్లు చూసింది ఎక్కువగా ఆడవాళ్లు. లండన్ హైకోర్టులో 2000లో గెలిచిన ఒలివియె బాంకూ ఎలక్ట్రీషియన్. ఆ గెలుపును 2004లో రాణి ఉత్తర్వుతో రద్దు చేశారు.

2019లో అంతర్జాతీయ న్యాయస్థానం 13 మందికి ఒక్కరి తేడాతో దీవులను విడదీయడం చట్టవిరుద్ధమని అభిప్రాయం చెప్పింది. ఆ మే నెలలో ఐక్యరాజ్య సమితిలో 116 దేశాలు మారిషస్ పక్షాన, 6 దేశాలు ఎదురుగా ఓటు వేశాయి. మన దేశం మారిషస్ పక్షానే నిలిచింది. సంతోషం.

చైనా ఓడలు తిరుగుతున్నాయి, అమెరికా స్థావరం ఉంటే మనకే మంచిది అనే మేధావులు మన పత్రికల్లోనూ ఉన్నారు. వారిని రెండే అడుగుతాను. 1971 డిసెంబరులో ఎంటర్‌ప్రైజ్ ఓడ మన బంగాళాఖాతంలోకి వచ్చింది ఎవరిని బెదిరించడానికి? 2021 ఏప్రిల్ 7న లక్షద్వీప్ దగ్గర మన ఆర్థిక మండలిలో అనుమతి అడగకుండా యుద్ధనౌక నడిపి, ఆ సంగతి గొప్పగా ప్రకటించుకున్నది ఎవరు?

ఇక మన ఇంటి సంగతి కూడా చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. మారిషస్ కిందే ఉన్న అగలేగా దీవిలో మన ప్రభుత్వం కట్టిన విమానాల రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమయ్యాయి. అక్కడ ఉండేది మూడు వందల మంది చిల్లర జనం, వాళ్లూ కొబ్బరి పనివాళ్ల బిడ్డలే. మాకూ చాగోస్ గతి పడుతుందా అన్నది వాళ్ల భయం. ఆ భయానికి లండన్‌ను తిట్టినంత గట్టిగా ఢిల్లీని జవాబు అడగకపోతే మనది కార్మిక సంఘం కాదు.

2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దీవులు మారిషస్‌వి అని రాశారు. డీగో గార్షియాను మాత్రం 99 ఏళ్లకు మళ్లీ బ్రిటన్‌కే కౌలుకిచ్చారు, ఏటా సగటున పది కోట్ల పౌన్లకు పైగా. మిగతా దీవులకు జనాన్ని పంపవచ్చునట, డీగో గార్షియాకు వద్దట! ఆ షరతుకు మారిషస్ ప్రభుత్వమూ తల ఊపింది. తాతముత్తాతల సమాధులున్నవాళ్లను బేరం బల్ల దగ్గర మళ్లీ కూర్చోబెట్టలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, డీగో గార్షియా జనానికి తమ సొంత దీవికి తిరిగిపోయే హక్కు ఉండాలని. రెండు, అగలేగాలో ఒక్క కుటుంబాన్నీ కదిలించబోమని భారత ప్రభుత్వం రాతపూర్వకంగా హామీ ఇవ్వాలని. అభ్యంతరం ఉన్నవారు అక్కడే లేచి అడగండి. నవ్విన పెద్దాయనతో సహా.