కన్నులున్నను కానరాని సగము

చూచుటకు కన్నులు చాలునని మన నమ్మకము. పిల్లవాడు నల్లబల్ల మీది పాఠమును సగమే వ్రాసికొనినచో అశ్రద్ధ యందుము. లేదా కండ్లద్దములు పెట్టింపుమందుము. ఈ రెండింటికిని చెందని కారణ మొకటి కలదు.

పక్షవాతము వలననో, తలకు తగిలిన దెబ్బ వలననో మెదడు కుడిభాగము గాయపడినవారిలో కొందరికి ఎడమవైపు ప్రపంచము లేనట్లే యగును. కన్నులలో దోషము లేకున్నను, విస్తరిలో కుడిసగమే తిని కూర యైపోయినదందురు. ఎడమచెంప గొరుగుకొనరు. వైద్యులు దీనికి పెట్టిన ఆంగ్లనామము 'నెగ్లెక్ట్', అనగా ఉపేక్ష. ఆ పేరు నాకు రుచింపదు. ఉపేక్షించుటకు ముందు, ఉన్నదని తెలియవలెను గదా!

1978లో ఇటలీ పరిశోధకులు బిసియాక్, లుజాట్టి అనువారు మిలాన్ నగరమున నిట్టి రోగుల నిద్దరిని ఒక ప్రశ్న యడిగిరి. ఊరి పెద్దచర్చి కెదురుగా నిలిచినట్లు ఊహించి, ఆ కూడలిలో నేమేమి కలవో చెప్పుడనిరి. వారు కుడివైపు వానినే ఎక్కువగా పేర్కొనిరి. ఇక చర్చి వాకిట నిలిచి ఇటు చూచుచున్నట్లు ఊహింపుడనగా, ఇంతకుముందు విడిచినవానిని చెప్పి, చెప్పినవానిని విడిచిరి! జ్ఞాపకము చెడలేదు, కన్నులకు అక్కడ పనియే లేదు. మనసులోని చిత్రమునకే ఎడమవైపు లోపించినది.

1988లో బ్రిటనులో మార్షల్, హాలిగన్ అనువారు ఒకామెకు రెండిండ్ల బొమ్మలు చూపిరి. ఒకదానికి ఎడమవైపున మంటలు. రెండును ఒకటే యని ఆమె యన్నది. ఏ యింట కాపురముందు వనగా, వెర్రిప్రశ్న యనుచునే, పలుమారు మంటలేని యింటినే చూపినది. ఆమెలో నేదో ఆ మంటను చూచినది, ఆమె చూడలేదు.

ప్రమాదములో తలకు దెబ్బతగిలి బడికి తిరిగివచ్చిన బాలుడు 352ను 52 అనవచ్చును, 'పాఠశాల'ను 'శాల' యని చదువవచ్చును, కాగితము ఎడమసగమును వదలి కుడిప్రక్కన క్రిక్కిరిసి వ్రాయవచ్చును. బెత్తమునకు ముందు ఒక అడ్డుగీత గీసి, నడుమ గుర్తు పెట్టుమనుడు. గుర్తు మాటిమాటికి కుడికే జరుగుచున్నచో వానిని వైద్యునికి చూపవలసినదని తల్లిదండ్రులకు చెప్పుడు. అంతవరకు వానిని తరగతిలో ఎడమప్రక్కన కూర్చుండబెట్టినచో బల్ల వానికి కుడివైపున పడును. పుట ఎడమ అంచున ఎర్రగీత గీసి, అది కనబడువరకు చూపు త్రిప్పి పంక్తి మొదలుపెట్టించుట వైద్యశాలలలో నున్న పద్ధతియే. దాని నుపాధ్యాయుడును చేయవచ్చును.