చెట్టు ఇచ్చేదెంత? కల్లంగడిలో అమ్మేదెంత?

అనంతపురం: కల్లంగడిలో రోజుకు ఎన్ని సీసాలు పోతున్నవో వూరందరికీ తెలుసు. వంక గట్టున ఎన్ని ఈతచెట్లు మిగిలినవో కూడా తెలుసు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూసేవారే తక్కువ. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఆ కల్లులో అల్ప్రాజోలం అనే మత్తుమందు వున్నట్లు పరీక్షలలో తేలింది. అది పట్నం గొడవ, మనకెందుకు అనుకోవడానికి వీలులేదు. చెట్లు లేని పట్నంలో కల్లు ఎలా పుట్టుకొస్తుందో, చెట్లు తరిగిన కరువు సీమలోనూ అలాగే పుట్టుకొచ్చే అవకాశం వున్నది.

ముందు చెట్టు సంగతి చూద్దాం. తాటిచెట్టుకు గెల గీస్తారు. ఈతచెట్టుకు అలా కాదు, మొవ్వు దగ్గర మానునే చెక్కుతారు. ఏటేటా పక్క మార్చి చెక్కడం వల్లనే పాత చెట్టు మాను మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. గీసిన చెట్టును కొద్ది రోజులు ఆరబెట్టాలి. విడుపు లేకుండా గీస్తే చెట్టు చస్తుంది. చలికాలంలో బాగా పారుతుంది, ఎండలు ముదిరితే తగ్గిపోతుంది. నీటి చెమ్మ వున్న చోట మంచి చెట్టు రోజుకు రెండు మూడు లీటర్లు ఇస్తే గొప్ప. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ మెట్టలో అన్ని చెట్లూ అంత ఇవ్వవు.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక అంగడి కింద 100 చెట్లు వున్నవనుకుందాం. సగం విడుపులో పోగా 50 చెట్లు. చెట్టుకు మూడు లీటర్ల వంతున, ధారాళంగానే వేసినా, 150 లీటర్లు. 650 మిల్లీలీటర్ల బీరుసీసాలలో పోస్తే 230 సీసాలు. ఆ అంగడిలో రోజుకు 500 సీసాలు పోతుంటే మిగిలిన 270 సీసాలలో వున్నది ఏమిటి? మరో వూరి నుంచి తెచ్చామంటే, ఆ వూరి చెట్ల లెక్క కూడా అడగవలసిందే.

కల్లును దూరాభారం మోసుకురావడానికీ హద్దు వున్నది. చెట్టు నుంచి దిగేటప్పటికే అది పులియడం మొదలవుతుంది. గాలిలోని, కుండలోని ఈస్టు తీపిని సారంగా, గ్యాసుగా మారుస్తుంది. నురుగు అందువల్లనే. కొన్ని గంటలలో సారం నాలుగు శాతం దాకా చేరుతుంది. మర్నాటికి మరో రకం క్రిములు దానిని పులుసు నీళ్ళు చేస్తాయి.

బెంగుళూరు హోటళ్ళలో పనిచేసే మన కుర్రవాళ్ళు డ్రాఫ్ట్ బీరు పంపులు చూసే వుంటారు. ఇప్పుడు కొందరు షోకుకు ఇళ్ళలోనే బిగించుకుంటున్నారు కూడా. ఇనుప పీపాలో బీరు, పక్కన గ్యాసు సిలిండరు, మధ్య సన్నని గొట్టం. బీరును మూడు నాలుగు డిగ్రీల చల్లదనంలో వుంచాలి. వేడెక్కితే గ్లాసులో అంతా నురుగే పడుతుంది. గొట్టాన్ని రెండు వారాలకొకసారి మందునీళ్ళతో కడగాలి. కడగకపోతే బీరు పులుపు వాసన వేస్తుంది. కల్లుకు ఆ సిలిండరు అక్కరలేదు, గ్యాసు దానిదే. శుభ్రం, చల్లదనం విషయంలో మాత్రం రెండింటికీ తేడా లేదు. అందుకే తెలిసిన గీతగాడు కుండను రోజూ కడిగి, ఎండబెట్టి, పొగపెట్టి కడతాడు. లోపల సున్నం పూస్తే పులియకుండా నీరాగా దిగుతుంది.

కల్లు పొద్దున్నే పులుపెక్కితే తప్పు కుండది. తీగలు సాగుతుంటే అదీ కుండ మురికే. వాసన పుల్లగా మండుతుంటే అది నిన్నటి సరుకు. ఇవి చెట్టు కల్లుకు వచ్చే జబ్బులు, వీటిని చూసి భయపడనక్కరలేదు. భయపడవలసింది ఏ జబ్బూ లేని కల్లును చూసి. మే నెల ఎండలో సాయంత్రమైనా తియ్యగానే వున్నదంటే అందులో శాకరిన్ పడినట్లు అనుమానించాలి. ఒక్క సీసాకే మనిషి సోలిపోతున్నాడంటే, ఆ నిద్ర నాలుగు శాతం సారం తెచ్చింది కాదు. క్లోరల్ హైడ్రేటు, డైజీపాం, అల్ప్రాజోలం వంటి మందులకు రంగూ వాసనా చూసి పట్టే ఉపాయం ఇంట్లో లేదు. ఆబ్కారీ వారు నమూనా తీసి లేబరేటరీకి పంపితేనే తేలుతుంది.

ఈ పరిస్థితి ఒక్కనాడు రాలేదు. 1993లో సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. కల్లుకు మినహాయింపు వున్నందున తాగేవారి చూపు అటు మళ్ళడం సహజం. కాని తాగేవారు పెరిగినంతగా చెట్లు పెరగలేదు. నదులలో ఇసుక పోయింది, బోర్లు లోతుకు దిగాయి, వంక గట్లు దున్నుబడ్డాయి. ఈత మొక్క గీతకు రావాలంటే ఏడెనిమిదేళ్ళు కావాలి. అంతవరకు ఆగే ఓపిక ఏ ప్రభుత్వానికీ వున్నట్లు లేదు. 2025లో మన రాష్ట్రంలో మద్యం దుకాణాలలో పది శాతం గీత కులాలకు కేటాయించారు. కొన్ని కుటుంబాలకు అది మేలే. కాని లాటరీ తగలని ఈడిగ ఇంటికి అందులో దక్కేదేమిటి? మోకు కట్టి చెట్టెక్కేవాడికి కావలసింది చెట్టు. తెలంగాణలో హరితహారం కింద ఈత, తాటి మొక్కలు నాటించారు. 2023లో హైదరాబాదులో నీరా కేఫ్ తెరిచారు. ఇక్కడ చెరువు కట్టల మీద ఆ పని చేయడానికి అడ్డేమిటో తెలియదు.

కల్తీని పట్టుకోవడంలో మరొక చిక్కు వున్నది. మందు కల్లుకు అలవాటు పడినవారికి అది హఠాత్తుగా ఆగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్లు వస్తాయి. 2015 సెప్టెంబరులో తెలంగాణలో దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఆసుపత్రులు ఇటువంటి రోగులతో నిండిపోయాయి. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించడం కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఏ కల్లు, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా తాగుతున్నదీ దాచకుండా డాక్టరుతో చెప్పాలి.

అంగళ్ళకు అనుమతి ఇచ్చేది చెట్ల లెక్క మీదనే గనుక ఆ లెక్క ఆబ్కారీ కచేరీలో వుండి తీరాలి. సమాచార హక్కు కింద ఎవరైనా పది రూపాయల రుసుముతో దానిని అడగవచ్చు. అడిగేవారు ఏప్రిల్, మే నెలల అమ్మకాన్ని కూడా చూసుకోవడం మంచిది. చెట్టు అతి తక్కువ పారేది ఆ రోజులలోనే.