రంగూన్ మేస్త్రీ ఇంకా పోలేదు

యాంగాన్‌లో, అంటే మన పెద్దలు చెప్పే రంగూన్‌లో, లత అనే పేట ఉంది. దానికి దక్షిణాన నది. ఆ ఒడ్డున నిలబడితే నాకు బియ్యం మూటలే గుర్తొస్తాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరప్ దగ్గరైంది. మిల్లుల్లో, రేవులో ఆ మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది కాకినాడ, విశాఖల్లో ఓడెక్కిన తెలుగువాళ్లు. కోరంగి రేవు పేరుతో వాళ్లను ‘కొరంగీలు’ అన్నారు. ఓడ చార్జీకి మేస్త్రీ అప్పిచ్చేవాడు. కూలి డబ్బులూ అతని చేతి మీదుగానే వచ్చేవి.

1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె ముగియగానే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న పేదలు పేదల మీద పడ్డారు. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. దాన్ని జాతుల గొడవ అంటారు. నేను ఒప్పుకోను. పోటీ పెట్టింది కంపెనీలు, పోయినవి కూలీల ప్రాణాలు.

ఇవాళ కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే అన్న ఏజెంటుకు కట్టేందుకు అప్పు చేస్తున్నాడు. మేస్త్రీ పోలేదు, పేరు మార్చుకున్నాడు. రాష్ట్రం కోసం విదేశాల నుంచి గొంతెత్తిన మనం ఆ అన్న అప్పు గురించి కూడా అంతే గట్టిగా అడగాలి. లేకపోతే మన పోరాటం సగమే.