శనగలకీ ఒక రూలు కావాలి

పులిహోర పోపులోకి, పూర్ణాలకి మనం వాడే శనగపప్పు ప్యాకెట్‌ని ఎప్పుడైనా వెనక్కి తిప్పి చూశారా? ఏ దేశంలో పండిందో అక్కడ రాసి ఉంటుంది. ఆస్ట్రేలియా అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. క్వీన్స్‌లాండ్‌లో, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలో మన దేశవాళీ శనగలే లక్షల ఎకరాల్లో పండిస్తారు. ఇక్కడివాళ్ళు తినేది తక్కువ. పంటలో చాలా భాగం ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లకే వెళ్తుంది. అందుకే ఢిల్లీలో సుంకం మారితే ఇక్కడి పల్లెల్లో నిద్ర పట్టదు.

2017 డిసెంబరులో భారత ప్రభుత్వం దిగుమతి శనగల మీద 30 శాతం సుంకం వేసింది. 2018 మార్చికల్లా అది 60 శాతమైంది. ఇక్కడ శనగలు మే, జూన్‌లలో విత్తి, డిసెంబరు లోపల కోసేస్తారు. అంటే సుంకం పడేనాటికి పెట్టుబడి అంతా పెట్టేశారు, పంట చేతికొచ్చేసింది. వేరే పంట వేసుకుందామన్నా వ్యవధి లేదు.

అలాగని ఢిల్లీదే తప్పు అనేస్తే మన ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగడి రైతుకి అన్యాయం చేసినట్టే. అక్కడ అక్టోబరు, నవంబరులో విత్తి, ఫిబ్రవరి, మార్చిలో కోస్తారు. ఆ ఏడాది శనగల మద్దతు ధర క్వింటాలుకి 4,400 రూపాయలు. చాలా మార్కెట్లలో అంత ధర కూడా రాలేదు. కొద్ది ఎకరాల రైతు ఓడల్లో దిగే సరుకుతో ఎలా పోటీ పడతాడు చెప్పండి?

మరి రూల్స్ ఏమంటాయి? ఏ వ్యవసాయ సరుకు మీదైనా ఇంతకు మించి సుంకం వేయనని ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రతి సభ్యదేశం ఒక గరిష్ఠ పరిమితి ఒప్పుకుంటుంది. 60 శాతం ఆ పరిమితి లోపలే ఉంది. అంటే ఎవరూ గీత దాటలేదు. కానీ ఆ గీత లోపల సుంకాన్ని మూడు నెలల్లో సున్నా నుంచి అరవైకి పెంచొచ్చు, మళ్ళీ ఒక్కరోజులో సున్నాకి దించొచ్చు. చిక్కంతా అక్కడే.

దించడమూ చూశాం. పంట తగ్గి ధరలు పెరగడంతో 2024 మేలో సుంకం పూర్తిగా తీసేశారు, 2025 మార్చి ఆఖరు దాకా. ఇక్కడ సరిగ్గా విత్తే సమయం కాబట్టి వీళ్ళకి కలిసొచ్చింది. అక్కడ శనగపిండి కొనుక్కునే ఇల్లాలికీ ఊరటే. కానీ మన రైతు 2025 ఫిబ్రవరి, మార్చిలో పంట కోసి అమ్ముకునేటప్పుడు, పైసా సుంకం లేని సరుకు పక్కనే ఉంది. ఏప్రిల్ నుంచి మళ్ళీ 10 శాతం వేశారు. అప్పటికి మనవాళ్ళ కోతలు దాదాపు అయిపోయాయి.

పరీక్ష రాసేశాక సిలబస్ మారిస్తే మన పిల్లల తరఫున ఊరుకుంటామా? రైతు విషయంలోనూ న్యాయం అదే. సుంకం ఎంత అన్నది ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోవచ్చు. అది రెండు చోట్లా విత్తనం భూమిలో పడకముందే తెలియాలి. మధ్యలో మార్చక తప్పకపోతే, అప్పటికే ఓడెక్కిన సరుకుని వదిలేయాలి.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదండీ. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లో ఉన్న ఇండియా, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందంలో మసూర్ పప్పుకి ఏటా 1.5 లక్షల టన్నుల దాకా సగం సుంకమే అని రాసుకున్నారు. ఎంత వస్తుందో ఇద్దరికీ ముందే తెలుసు. శనగలకి మాత్రం అందులో చోటు లేదు. దీన్ని ఇంకా పెద్ద ఒప్పందం చేయాలని రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుంటున్నాయి. ఆ బల్ల మీదకి శనగలు కూడా వస్తే బాగుండు.

మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో శనగ వేసేవాళ్ళుంటే ఈసారి ఫోన్‌లో అడగండి, 2025లో ఏ ధరకి అమ్మారో. వాళ్ళేమన్నారో నాకూ రాయండి.