నాబీనాలకు బంద్ పెట్టిన దుకాణాలు

"మా దగ్గరికి నాబీనాలు ఎవరొస్తారు భాయ్?" వెబ్‌సైట్ సంగతి ఎత్తితే బందరు దుకాణదారుల బహానా ఇదే. ఎలా వస్తారు సాబ్? తలుపుకి గొళ్లెం పెట్టి లోపల కూర్చుని, ఎవరూ రావట్లేదని హిసాబు చెబితే ఎలా?

చూపులేనివారు సెల్‌ఫోన్ ఎలా వాడతారో చాలామందికి మాలూమే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంటుంది. కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ ముఫ్త్‌గా దొరుకుతుంది. తెర మీద ఉన్న అక్షరాన్ని ఇవి పైకి చదువుతాయి, తెలుగైనా సరే. కానీ అక్షరం ఉంటే కదా చదివేది! మన రివాజు ఏమిటంటే, డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పోస్టర్‌నే ఫొటో చేసి సైట్‌లో అతికించడం. సరుకు పేరు, ధర, ఫోన్ నంబరు అన్నీ ఆ బొమ్మలోనే. టాక్‌బ్యాక్ అక్కడికి వచ్చి "ఇమేజ్" అని ఊరుకుంటుంది. రంజాన్ ఆఫర్ మొత్తం ఒక్క మాటలో ఖతమ్. పోనీ అని ఆ అను అక్షరాలనే కాపీ చేసి పేజీలో పెడితే, అవి యూనికోడ్ కాదు కాబట్టి కళ్లున్నవాడికి కూడా పిచ్చిగీతలే.

ఫొటో వెనుక నాలుగు మాటలు రాసుకునే చోటు ఉంటుంది, ఆల్ట్ టెక్స్ట్ అంటారు. "ఎర్ర నేల మీద నల్ల గీతల మామిడిపిందెలు, కాటన్ దుప్పటి, డబుల్ కాట్" అని రాయడానికి నిమిషం పట్టదు. కలంకారీ గుడ్డను కరక్కాయ నీళ్లలో తడిపి, ఆరబెట్టి, రంగుకో చెక్క అచ్చుతో అద్ది, ఉతికి, ఉడకబెడతారు. ఇంత సబర్‌తో చేసిన సరుకు పక్కన ఒక వాక్యం రాయడానికి తీరిక లేదా? చిలకలపూడి రోల్డ్‌గోల్డు అమ్మేవారికీ, గుడివాడ బట్టల కొట్లవారికీ ఇదే సవాల్.

"ధర కోసం కాల్ చేయండి" అనేది ఇంకో జుల్మ్. వినపడని ఆడపిల్ల ఎవరికి కాల్ చేస్తుంది? వాట్సాప్‌లో రాసి అడిగే నంబరు పక్కనే పెడితే మీ సొమ్మేం పోదు. లేత బూడిదరంగు అక్షరాలు మన నానీ, దాదీలకే కనపడవు, అది వేరే సంగతి. ఇక దివిసీమ చూడండి, కృష్ణ పాయల మధ్య లంక. కోడూరులోనో నాగాయలంకలోనో నడవలేని మనిషికి బందరు బస్సు మొదటి మెట్టే గోడ. ఇంటికొచ్చే దుకాణం అందరికన్నా ఎక్కువ జరూరత్ ఆయనకే.

జకాత్ లెక్క పైసాతో సహా తీసే సేట్లున్నారు. ట్రైసైకిల్ పంచి ఫొటో దిగేవారూ ఉన్నారు. మంచిదే. కానీ ఇక్కడ ఖైరాత్ ఎవరు అడిగారు? ఆయన జేబులో సొంత డబ్బుతో వచ్చాడు. ఫకీరు కాదు, కస్టమర్. హక్కు అనే తెలుగు మాటే మన హక్ నుంచి వచ్చింది, ఇంకా దాని మతలబ్ విడమరిచి చెప్పాలా?

కానూన్ కూడా నోరు మూసుకుని లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ సర్కారుతో పాటు ప్రైవేటువారినీ కలిపే మాట్లాడుతుంది. బ్యాంకు కేవైసీకి కళ్లు ఆర్పమంటే యాసిడ్ దాడికి గురైనవారు, అంధులు ఏం చేయాలన్న కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమంది.

ఖర్చు అంటారా? మొదట్లోనే అడిగి చేయించుకుంటే దాదాపు ఏమీ లేదు, కట్టిన గోడ పగలగొట్టి కిటికీ పెట్టించేటప్పుడే ఖర్చు. సైట్ చేసిన కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, ఒక జత గాజులు కొని చూపించమనండి. కొనలేకపోతే ఆఖరి కిస్తు ఆపండి.